ఉలి పట్టే చేతికి ఎండ కావాలి



ధనుర్మాసం వచ్చిందంటే మన హాస్టల్లో రెండు సంగతులు మొదలవుతాయి. ఒకటి, పొద్దున్నే స్నానాల దగ్గర క్యూ తగ్గిపోవడం. రెండు, వర్క్‌షాపు పీరియడుకి కడుపునొప్పి వచ్చేవాళ్లు పెరిగిపోవడం. మొదటిదాని గురించి రాస్తే నన్ను బతకనివ్వరు. రెండోదాని గురించే ఈ నాలుగు మాటలు.

దీన్ని అందరూ బద్ధకం అంటున్నారు. "ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెత ఈ నెలలో మేము విన్నన్ని సార్లు ఇంకెవరూ విని ఉండరు. కానీ ఇది బద్ధకం కాదు, చలి అని నా వాదన. చలికి మందు తిట్టు కాదు, వేళ మార్చడం. ఎందుకో చెబుతాను, చదివాక మీరే తేల్చండి.

చలి వేస్తే మన ఒంట్లో ఏం జరుగుతుంది? గుండె, ఊపిరితిత్తులు, కాలేయం చల్లబడకుండా చూసుకోవడమే శరీరానికి ముందు పని. అందుకని చేతుల్లో, కాళ్లలో రక్తనాళాలు ముడుచుకుంటాయి. వేళ్లకు రక్తం తగ్గుతుంది. వేళ్లు ముందు చల్లబడతాయి, తర్వాత మొద్దుబారతాయి, ఆ తర్వాత కొంకర్లు పోతాయి. వేళ్ల చర్మం వేడి 15 డిగ్రీలకు దిగేసరికి పనితనం బాగా తగ్గుతుంది. ఇంకా దిగితే స్పర్శే సరిగా తెలియదు. ఉలి ఎంత గట్టిగా పట్టుకున్నామో తెలియనివాడు బెజ్జం తొలిస్తే, అది చెక్కలోనే పడుతుందని నమ్మకం ఏమిటి? కిందటేడు పుష్యమాసంలో మన తొమ్మిదో తరగతి తమ్ముడి బొటనవేలికి కుట్లు పడ్డాయి. వాడు బద్ధకస్తుడు కాడు, బ్యాచిలో అందరికన్నా ముందు బల్ల దగ్గర నిలబడేవాడు. తెగిన సంగతి కూడా రక్తం చూశాకే వాడికి తెలిసింది.

ఇంకో సంగతి. పొద్దున మన చెక్క, మన రంపం ఒకే గదిలో రాత్రంతా ఉన్నాయి. రెండింటి చలీ ఒకటే. అయినా చెక్క ముట్టుకుంటే ఫరవాలేదు, రంపం ముట్టుకుంటే ఝుమ్మంటుంది. ఇనుము చెక్కకంటే చాలా తొందరగా చేతిలోని వేడిని లాగేసుకుంటుంది కాబట్టి. చిత్రిక పట్టేటప్పుడు చెయ్యి చెక్క పిడి మీద ఉంటుంది గనుక కొంత నయం. ఇనుప మూలమట్టం, ఆకురాయి, ఉలి రేకు పట్టుకున్న చేతికే ముప్పు.

ఇక మన చలి సంగతి. మన పక్కనున్న లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరు ఉంది కదా. రాత్రి ఆరుబయట ఉన్నవాడు కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. అది సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తు. ఎత్తు 1000 మీటర్లు పెరిగితే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందని మనం చదువుకున్నాం. దానికి తోడు రాత్రిపూట చల్లగాలి బరువెక్కి కొండల మీంచి లోయలోకి దిగి అక్కడే నిలుస్తుంది. మన వర్క్‌షాపు కట్టింది ఆ పల్లంలోనే. పైన రేకు. ఎండ మొదట తగిలేది వంటశాలకి, తర్వాత మెస్సుకి, అందరికన్నా ఆఖరున వర్క్‌షాపుకి. మనకు పీరియడు ఉండేది మాత్రం అందరికన్నా ముందు!

ఇప్పుడు మన వడ్రంగం మాస్టారి సంగతి చెప్పాలి. ఆయనది పలివెల. కోనసీమలో కొత్తపేట దగ్గర, కొప్పేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు. గోదావరి డెల్టా గనుక సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అక్కడ సంక్రాంతి చలి అంటే కాలవ మీద మంచు, కొబ్బరి మట్టల మీంచి నీటి చుక్కలు, భోగిమంట దగ్గర ఒక పూట. అంతే. మన చలి చూసి ఆయనకు మొదటి ఏడాది వేళ్లు పగిలాయట. ఆయన్ని నేను అడిగాను, "మాస్టారూ, మీ ఊళ్లో చలికి ఏం చేస్తారండీ?" అని. ఆయన నవ్వి, "మాకు చలితో గొడవేం ఉందిరా! మా గొడవంతా ఎండాకాలంతోనే" అన్నారు.

వైశాఖంలో పలివెలలో మధ్యాహ్నం ఉక్కకి అరచేతులు చెమటపట్టి ఉలి పిడి జారుతుందట. గీసిన గీత మీద చెమట చుక్క పడి పెన్సిలు గుర్తు చెరిగిపోతుందట. అందుకని వాళ్ల నాన్నగారు తెల్లవారకముందే పాక కింద పని మొదలుపెట్టి, పదిన్నరకల్లా పనిముట్లు కట్టేసి, మళ్లీ ఎండ వాలాక తీసేవారట. అదే మనిషి పుష్యమాసంలో మాత్రం మంచు విడి, బల్ల మీదికి ఎండ వచ్చేదాకా ఉలి ముట్టుకునేవారు కాదట. "ఒరేయ్, పని మార్చక్కర్లేదు, వేళ మారిస్తే చాలు. చెయ్యి మాట వినకపోతే ఉలి అసలే వినదు" అన్నారు మాస్టారు.

ఈ ఒక్క మాట దగ్గరే నా వ్యాసమంతా ఉంది. అంత చలిలేని పలివెలలోనే చేతి కోసం వేళ మార్చుకుంటుంటే, కొర్రబయలు పక్కన ఉన్న మనం టైంటేబిలు కోసం చేతిని మార్చుకోవాలా?

దీనికి ఎదురు మాటలు నేను విన్నాను. ఒక్కొక్కటీ తీసుకుంటాను.

"మీ తాతలు ఈ చలిలోనే కొండ ఎక్కి పని చెయ్యలేదా?" అంటారు. చేశారు. అయితే మా తాత పొద్దున నెగడు కాచుకుని, వేడి చోడి అంబలి తాగి, పొద్దెక్కాకే బాడిత తీస్తాడు. గంట కొట్టగానే బాడిత తీసిన తాతని నేను ఎక్కడా చూడలేదు.

"పని చేస్తే ఒళ్లు అదే వేడెక్కుతుంది" అంటారు. సగం నిజం. రంపం కోసేవాడికి, చిత్రిక పట్టేవాడికి వేడెక్కుతుంది. గీతలు గీసేవాడికి, సన్నపని చేసేవాడికి వేడెక్కదు. కాబట్టి ముందు రంపం పని, ఆ తర్వాత సన్నపని అని వరస పెట్టుకుంటే మంచిదే. కానీ అదొక్కటే చాలదు.

"గ్లౌజులు వేసుకోండి" అంటారు. చేతిపనికి వేళ్ల కొసలు తెరిచి ఉన్న ఉన్ని గ్లౌజులు మంచివే. కానీ తిరిగే యంత్రం దగ్గర, అంటే లేతు దగ్గర, డ్రిల్లింగు మిషను దగ్గర ఏ గ్లౌజూ వద్దు. ఒక్క దారం చిక్కుకుంటే చేతిని కూడా లోపలికి లాగేస్తుంది. అయినా గ్లౌజుకంటే ముందు కావలసింది స్వెట్టరు. వేళ్లను కదిలించే పెద్ద కండరాలు ఉండేది ముంజేతిలో. ఛాతీ, ముంజెయ్యి వెచ్చగా ఉంటే రక్తం దానంతటదే వేళ్లకు వస్తుంది. పొట్టి చేతుల చొక్కాకి గ్లౌజు తగిలిస్తే లాభం తక్కువ.

"కుంపటి పెట్టుకుంటే సరి" అనేవాళ్లు మనలోనే ఉన్నారు. ఇది మాత్రం ఎవ్వరూ చెయ్యకండి. తలుపులు మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, ఆ తర్వాత స్పృహ తప్పడం, ప్రాణం పోవడం. ఇది పడుకునే గదికీ వర్తిస్తుంది, జ్ఞాపకం ఉంచుకోండి. పైగా వర్క్‌షాపు నిండా రంపపు పొట్టు, ఒక్క నిప్పురవ్వ చాలు. మొద్దుబారిన చేతులు మంటకి మరీ దగ్గరగా పెట్టినా కాలిన సంగతి తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకెందుకు? ఉలిని మంటలో వేడి చెయ్యడం ఇంకా తప్పు. అంచు నీలిరంగు తిరిగిందంటే దాని పదును నిలవదు.

ఇవన్నీ చలి ఉన్నాక చేసుకునే సర్దుబాట్లు. వేళ మారితే వీటిలో సగం అవసరమే ఉండదు. అందుకే వార్డెన్ గారికి, హెడ్మాస్టరు గారికి మా బ్యాచి తరఫున మనవి:

1. డిసెంబరు, జనవరి నెలల్లో వర్క్‌షాపు పీరియడు మధ్యాహ్నం భోజనం తర్వాతకి మార్చండి. పొద్దున ఆ వేళకి లెక్కలో, సోషలో చెప్పించండి. చలికి లెక్క తప్పితే రబ్బరుతో చెరుపుకోవచ్చు, వేలు తెగితే ఏం చేస్తాం? దీనికి పైసా ఖర్చు లేదు.

2. మార్చడం కుదరని రోజున, టిఫిను అయ్యాక వంటశాల పొయ్యి మీద మిగిలిన వేడినీళ్లు ఒక బకెట్టు ఇప్పించండి. గోరువెచ్చని నీళ్లలో రెండు నిమిషాలు చేతులు పెట్టి, పొడిగా తుడుచుకుని పని మొదలుపెడతాం. తుడుచుకోకపోతే తడి చెయ్యి మళ్లీ చల్లబడుతుంది, పనిముట్టూ తుప్పు పడుతుంది.

3. ఉలులు, రంపాలు, మూలమట్టాలు పీరియడుకి పావుగంట ముందు ఎండలో పెట్టే డ్యూటీ రోజుకి ఇద్దరికి వెయ్యండి. ఆ డ్యూటీ మొదటి వారం నేను చేస్తాను.

4. ఫెవికాల్ డబ్బా రాత్రి వర్క్‌షాపులో వదలకుండా స్టోరు రూములో ఉంచండి. బాగా చల్లగా ఉంటే ఆ జిగురు సరిగా పట్టదు, తెల్లగా పొడిబారి అతుకు ఊడుతుంది. ఊడిన స్టూలుకి కూడా తిట్లు మాకే పడుతున్నాయి.

5. స్వెట్టరు లేని పిల్లల లిస్టు రాసుకోండి. అడగడానికి సిగ్గుపడేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు.

మాలో కొందరు పది పాసయ్యాక ఐ.టి.ఐ.లో కార్పెంటర్ ట్రేడుకి వెళ్లాలనుకుంటున్నారు. వాళ్లకి ఈ పది వేళ్లే రేపటి ఆస్తి. కొండ మీద పొలం ఎంత ఉందో, ఎవరికి ఉందో మీకు తెలియనిది కాదు.

మిత్రులారా, మీలో ఎవరికైనా నా మాట తప్పనిపిస్తే ఈ కాగితం కింద ఖాళీ వదిలాను, అక్కడ రాయండి. నిజమనిపిస్తే మీ రోల్ నంబరు వెయ్యండి. నంబర్లన్నీ అయ్యాక వార్డెన్ గారికి మనమే తీసుకెళ్లి చూపిద్దాం.

ఇట్లు,
పదో తరగతి, వడ్రంగం బ్యాచి విద్యార్థి