ఆట జేబులోకి పోయింది

ఒకప్పుడు మా కవిటిలో మ్యాచ్ అంటే దూరదర్శనే. ఒక్క టీవీ ముందు వీధంతా కూర్చునేది. జీడిపిక్కలు కొడుతూనే మా అత్తగారు సిక్సర్లు లెక్కపెట్టేవారు.

2022 వేలంలో మన దేశంలో ఐపీఎల్ టీవీ హక్కులు 23,575 కోట్లు పలికితే, డిజిటల్ హక్కులు 23,758 కోట్లు పలికాయి. 2023లో ఫోనులో ఉచితంగా చూపారు, 2025లో చందా అన్నారు. రుచి మరిగించి అమ్మడం సారా కొట్టువాడికే తెలుసనుకున్నాం! 2007 చట్టం వల్ల భారత జట్టు వన్డేలు, టీ20లు దూరదర్శన్‌కూ ఇవ్వాలి. ఐపీఎల్‌కి ఆ నియమం లేదు.

కేబుల్ కనెక్షన్ ఇంటిల్లిపాదికీ. ఈ చందా మాత్రం ఫోనున్నవాళ్లకే. "ఫోనుంది కదా" అని మావారు కేబుల్ తీయించేశారు. ఎవరికుందీ? ఆయన జేబులో ఒకటి, అబ్బాయి చేతిలో ఒకటి. అత్తగారిది బటన్ల ఫోను.

"ఏరా బావూ, స్కోరెంతయినాది?" అని మొన్న మనవణ్ణి అడిగారావిడ. వాడి చెవుల్లో ఇయర్‌ఫోన్లు.