కన్నడ అక్షరాల్లోనే రాయనీండి

ఎండాకాలం సెలవలొస్తే మన బంధువుల వాట్సాప్ గుంపుల్లో ఒక సలహా తిరుగుతుంది: పిల్లల్ని అవ్వాతాతల దగ్గర కూర్చోబెట్టండి, తెలుగు వస్తుంది అని. మేమూ కూర్చోబెట్టి చూసినాం. "బాగున్నావా, తిన్నావా" అని పది నిమిషాలు అయినంక పాప చేతికి ఫోను, అవ్వ చేతికి టీవీ రిమోటు. తప్పు ఇద్దరిదీ కాదు. ఇద్దరూ కలిసి చేసే పని ఒకటి లేదు, అంతే.

ఆ పని మన ఇళ్ళలోనే ఉందని నా అభిప్రాయం. పాటలు, వంటలు, సామెతలు అవ్వ చెప్పాలి, మనవరాలు రాయాలి. తెలుగు లిపి వచ్చేదాకా ఆగొద్దు. బడిలో నేర్చిన కన్నడ అక్షరాల్లోనే రాయనీండి.

"తెలుగును కన్నడలో రాసేదేంది?" అని మా మామకు కోపం వచ్చింది. కానీ ఇది కొత్తేమీ కాదు. కైవారం తాతయ్య తెలుగులో చెప్పిన తత్వాలను మా కోలారు, చింతామణి వైపు కన్నడ లిపి పుస్తకాలు చూసి పాడేవాళ్ళు ఎంతమందో. అందువల్ల అవి తెలుగు కాకుండా పోలేదు. రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి విడిపోయినవే. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే కల, కళ రెండూ ఒకటే అయిపోతాయి. కన్నడలో ఆ ఇబ్బంది లేదు. పైగా కర్ణాటకలో 2015 చట్టం వచ్చినంక ఇంగ్లీషు మీడియం పిల్లలు కూడా బడిలో కన్నడ నేర్చుకోవాల్సిందే.

మా ఇంట్లో పోయిన ఉగాదికి మొదలుపెట్టినాం. మా అమ్మ ఓళిగల చారు చెప్తే, నా పదేళ్ళ కూతురు రాసింది. రాసింది చదివి వినిపిస్తా "ఒగ్గరణె" అనింది. అమ్మ వెంటనే ఆపి, "మనం తిరగవాత అంటాం కదమ్మా" అనింది. ఆ మాట పాప అంతకుముందు వినలేదు. నేనే మరిచిపోయినాను. "పావు బ్యాళ్ళు" అనే చోట పాప, "పావు కిలోనా అవ్వా?" అని అడిగింది. అమ్మ నాచేత అటక మీదున్న ఇత్తడి పావు దింపించి, తుడిచి, పాప చేతిలో పెట్టింది. "దీని నిండా" అనింది. ఒక చారు రాసేదానికి గంట పైనే పట్టింది. ఫోను సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగు పని. రాసినవాళ్ళ తప్పు రాసినవాళ్ళకు కనపడదని రోజూ చూస్తుంటాను. ఇక్కడ అమ్మకు చదవడం రాదు, పాపకు మాట తెలియదు. పాప చదివితేనే అమ్మకు తప్పు తెలుస్తుంది, అమ్మ దిద్దితేనే పాప పేజీ పూర్తవుతుంది. ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి, వద్దనను. కానీ రికార్డు చేసే ఫోను "పావు అంటే ఏంది?" అని అడగదు.

మామ భయంలో నిజం లేకపోలేదు. కన్నడ లిపితోనే ఆగిపోతే పిల్లలకు తెలుగు పుస్తకాలు అందవు. నేను కన్నడ మీడియంలో చదివినందువల్ల తెలుగు అక్షరాలు ముప్పై దాటినంక నేర్చుకున్నాను. గ, ర, ల, బ చూస్తూనే తెలిసిపోయినాయి. క, త, శ దగ్గర తడబడినాను. కొన్ని వారాల పని, అంతే. అక్షరాలు ఏ వయసులోనైనా నేర్చుకోవచ్చు. మాటలు తెలిసినవాళ్ళు పోయినంక ఎవర్ని అడిగేది?

మా నాయన తల్లిని మేము జేజి అనేవాళ్ళం. ఆమె రాగులు విసురుతా పాడేది. ఆ రాగం నాకిప్పటికీ గుర్తుంది, మాటలు మాత్రం ఒక్కటీ లేవు. అప్పుడు నాకు కన్నడ రాయడం బాగా వచ్చు. పక్కన కూర్చుని రాసుకోమని ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

అందుకే చెప్తున్నాను, ఈ ఆదివారం ఒక నోటుబుక్కు కొనండి. వారానికి ఒక పేజీ చాలు. పైన తేదీ, చెప్పినవాళ్ళ పేరు, రాసినవాళ్ళ పేరు వేయించండి. తప్పులు మీరు దిద్దొద్దు, అవ్వను దిద్దనీండి.