చీటి అడుగుటకు సిగ్గేల?



ఈ నెల మా లాల్‌దర్వాజా బోనాల సందడినిగూర్చి మీతో ముచ్చటింపవలెనని తలంచితిని. కాని దక్షిణాఫ్రికాలోని డర్బను నగరమునుండి నా చెల్లెలు వ్రాసిపంపిన జాబు ఆ తలంపును మార్చినది. దాని మగనికి అచ్చట ఉద్యోగమైనందున పోయిన సంవత్సరము కాపురమునకు వెళ్లినది. ఆ జాబులోని ముఖ్యభాగము మీకును వినిపించుచున్నాను.

“అక్కయ్యా! మొన్న బ్యాంకిలో పని చూచుకొని, ఆ దారినే ఒక పెద్ద మాలునకు ఒంటరిగా పోయితిని. ఇచ్చట జూను మాసము చలికాలము; ఐదుగంటలకే ప్రొద్దుగ్రుంకును. సరుకులు కారులో సర్దుకొని కూర్చుండగా, మెరయు పసుపుపచ్చని అరకోటు తొడిగిన పొడవాటి మనిషి ఒకడు చేతులూపుచు నావైపునకు వచ్చెను. నా గుండె ఝల్లుమన్నది. తలుపులు బిగించుకొని బండి నడుపుకొని వచ్చివేసితిని. అతడు వెంట పరుగెత్తుట అద్దములో కనబడుచునే యున్నది. ఇంటికి వచ్చి చూతునుగదా, పాస్‌పోర్టు ఉన్న చేతిసంచి లేదు! తోపుడుబండిలోనే మఱచితిని. మఱునాడు మేమిద్దఱము పోయి అడుగగా ఆ సంచి మాలువారి కచేరీలో భద్రముగా నున్నది. తెచ్చి యిచ్చినవాడు ఆ మనిషియేనట! అతడు కాంగో దేశస్థుడట. ఆనాటినుండి నాకు నిద్ర సరిగా పట్టుట లేదు. నేను భయపడుట తప్పా? భయపడకుండిన తప్పా? నీవు పెద్దదానవు, చెప్పుము.”

పెద్దదానను గనుక చెప్పవలసినదే. చెప్పుటకు ముందు ఆ దేశపు సంగతి కొంత మీకు తెలియవలెను.

అచ్చట దుకాణముల ముంగిట బండ్లను కాచువారిని కార్ గార్డు లందురు. బండి నిలుపుటకు చేయి చూపుట, యజమాని తిరిగివచ్చు వఱకు దానిని కనిపెట్టియుండుట, వెనుకకు తీయునపుడు దారి చూపుట వారి పని. వీరిలో అనేకులకు నెలజీత మన్నది లేదు. బండివారిచ్చు చిల్లరయే వారి బ్రదుకుతెరువు. అంతేగాక, ఆ చోట నిలుచు హక్కునకై కొందఱు తామే దినమునకింత యని గుత్తదారులకు చెల్లింపవలసియుండును. డర్బనులో ఈ పని చేయువారిలో స్వదేశమున యుద్ధబాధ పడలేక కాంగోనుండి వచ్చినవారు పెక్కండ్రు. 2015లో ఆ నగరమున పరదేశస్థులపై దౌర్జన్యములు చెలరేగినప్పుడు ఇట్టి పేదలు ఇండ్లు విడిచి శిబిరములలో తలదాచుకొనిరి. చెల్లీ, నీవు చూచి భయపడిన మనిషియు నీవలెనే పరదేశి! నీకు చీకటిలో అతడెట్లు భయంకరుడుగా తోచెనో, అతనికి పట్టపగలును ఆ నగర మట్లే తోచు దినములు గడచినవి.

డర్బను మన తెలుగువారికి క్రొత్తదియు గాదు. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో యను ఓడ మద్రాసునుండి కూలివారిని గొని ఆ రేవు చేరెను. ఆ పిమ్మట వచ్చిన ఓడలలో చెఱకుతోటల పనికై పోయిన తెలుగు కుటుంబములు ఎన్నియో కలవు. ఆ యూరును, ఆ భాషను, ఆ మనుష్యులను ఎఱుగక దిగిన తల్లులు వారు. వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభ నేర్పఱచుకొని భాషను నిలుపుకొనిరి. నా చెల్లెలు కారులో తలుపులు బిగించుకొన్నది. ఆ తల్లులకు బిగించుకొనుటకు తలుపైనను ఉన్నదో లేదో!

ఇక నా కథ. దీనిని ఇంతవఱకు మా వారికి దక్క ఎవ్వరికిని చెప్పలేదు.

నేను కృష్ణాతీరమునుండి ఈ పాతబస్తీకి కాపురమునకు వచ్చిన క్రొత్తలో ఉరుదూ నాకు రెండు ముక్కలైనను రాదు. పోతన భాగవతము ఒడిలో పెట్టుకొని పెరిగినదానను. కూరగాయలవానితో బేరమాడుటకు మాత్రము చేతివ్రేళ్లే దిక్కు! మాటాడిన నవ్వుదురేమో యని నోరు మూసికొనుట అలవాటైనది. ఇప్పుడు కొంత వచ్చినను, ఆ సిగ్గు పూర్తిగా వదలలేదు.

మూడేండ్లక్రిందట మా మేనకోడలి పెండ్లికి లక్కగాజులు కొనుటకై మా వారి స్కూటరు తీసికొని లాడ్ బజారునకు బయలుదేరితిని. 1591లో కట్టిన చార్మినారు నీడన లక్కను కరగించి, వలయములుగా చుట్టి, వేడి చల్లారకమున్నే రాళ్లు పొదుగు ఆ పనితనము మీరు వినియే యుందురు. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఆ దినము పత్తర్‌గట్టి యొద్ద త్రొక్కిడి చెప్పనలవి గాకుండెను. బండి యెచ్చట పెట్టుదునా యని దిక్కులు చూచుచుండగా, ఒక ప్రక్క పాత లుంగీ, వెలిసిన అరకోటు, మెడలో ఈలతో ముదుసలి యొకడు కనుబొమలు ముడిచి నన్ను రమ్మని సైగ చేసెను. ఆ ముఖము చూచి నాకు జంకు కలిగినది. ఇంతలో ఉతికిన తెల్లచొక్కా తొడిగిన కుఱ్ఱవాడొకడు చిఱునవ్వుతో ఎదురువచ్చి, “చాబీ ఇవ్వండమ్మా, నేను పెట్టెదను” అనెను. ఇచ్చివేసితిని. చీటి యేదని అడుగవలెనని తోచినది. నా ఉరుదూ విని నవ్వునేమో యని సిగ్గు. అడిగిన దొంగ యనుకొన్నదని నొచ్చుకొనునేమో యని మొగమోటము. ఈ రెండును కలిసి నా నోరు కట్టివేసినవి.

బండి పెట్టెలో ఏమున్నదో తెలియునా? మా వారు దిద్దుటకై తెచ్చుకొన్న పదవతరగతి పిల్లల పరీక్షపత్రములు నలువదిరెండు. వానిపైన నా చేతిసంచియు.

గంట గడచినపిదప గాజులతో తిరిగివచ్చితిని. కుఱ్ఱవాడు లేడు, బండి లేదు. కాళ్లక్రింద నేల కదలినట్లైనది. బండి పోయిన మఱియొకటి ఎట్లో కొందుము. ఆ పిల్లల సంవత్సరకాలపు చదువునకు నేనేమి జవాబు చెప్పుదును? మా వారు తలయెత్తుకొని బడిలో నెట్లు అడుగిడుదురు? కన్నీళ్లు ఆగలేదు. అప్పుడా ముదుసలియే వచ్చెను. నా మాట అతనికి సగమే తెలిసినది గాని, నా కన్నీరు పూర్తిగా తెలిసినది. తన పనిని ప్రక్కనున్నవాని కప్పగించి, నన్ను వెంటబెట్టుకొని సందు సందును వెదకెను. నాలుగవ సందు చివర స్కూటరు నిలిచియున్నది. పెట్టె తాళము విఱిగియున్నది. సంచిలోని ఎనిమిదివందల రూపాయలు పోయినవి. పరీక్షపత్రములు మాత్రము ఒక్కటియు చెక్కుచెదరలేదు. దొంగకును అక్కఱలేని సొత్తు అదొక్కటే గదా!

గాజులు కొనగా కొంగున మిగిలిన వందరూపాయలు అతని చేతిలో పెట్టబోతిని. అతడు బండికింత యని తాను తీసికొను పదిరూపాయలే పుచ్చుకొని, నిదానముగా తెలుగును ఉరుదూను కలిపి యొక మాట చెప్పెను: “చెల్లీ, ఇకమీద చీటి లేక ఎవ్వనికిని చాబీ ఇయ్యకు. నన్నైనను చీటి అడుగు. అడిగిన నాకు కోపము రాదు.”

ఆ రాత్రి నిద్రపట్టక సుందరకాండమును తలపోసికొంటిని. సీతమ్మ పంచవటిలో కాషాయవేషము చూచి, అతిథిగదా యని మొగమోటపడి ఆదరించినది. ఆ వేషమున నున్నవాడు రావణుడు. అదే తల్లి అశోకవనమున రామకథ వినిపించిన వానరుని ముందు నమ్మలేదు. రాముని గుఱుతులు చెప్పుమన్నది. నరులకును వానరులకును పొత్తెట్లు కలిగెనని అడిగినది. అన్నియు విని, ఉంగరము చూచి, అప్పుడు గదా ఆనందించినది! హనుమంతుడు నొచ్చుకొన్నాడా? లేదు, అడిగిన ప్రతిదానికిని బదులు చెప్పెను. పైగా మరలిపోవునపుడు తానును ఒక గుఱుతు అడిగి చూడామణిని తీసికొనిపోయెను. నేను వేషము చూచి నమ్మితిని, వేషము చూచి జంకితిని. గుఱుతు మాత్రము అడుగలేదు. నా చెల్లెలును అంతే. ఒకతె నమ్మి చెడినది, ఒకతె నమ్మక చెడబోయినది, లోపము మాత్రమొక్కటే.

కావున చెల్లీ, నీ ప్రశ్నకు నా బదులిది. భయము తప్పుగాదు, అది మనలను మేలుకొలుపును. మేలుకొన్నపిమ్మట చేయవలసిన పని యొకటి కలదు. తలుపు బిగించుకొని అద్దము వ్రేలెడు దించి, ఏమి కావలెనని అడుగుము. అంతలో పోవునదేమియు లేదు. నీవు అడిగియుండిన సంచి ఆ రాత్రియే నీయింట నుండును. ఆ దేశమున కాపలాపని చేయువారు 2001 నాటి చట్టము ననుసరించి నమోదు కావలెనను నియమము కలదు. బిళ్ల చూపుమని అడుగుటలో అమర్యాద లేదు. మఱియు కారు తాళము మీటతో నొక్కి వెళ్లిపోకుము. ఆ దేశపు దొంగలు ఆ మీటనుండి వెడలు సంకేతమును యంత్రముతో అడ్డగింతురు. తలుపు పడినదనుకొని మనము పోవుదుము. చేతితో పిడిని లాగి చూచి కదలుము. పాస్‌పోర్టు నకలును వెంట నుంచుకొని అసలును ఇంట భద్రపఱచుము. పోయినయెడల ముందు పోలీసువారికి తెలిపి, పిదప డర్బనులోని భారత కాన్సులేటు నాశ్రయింపవలెను. అచ్చటి పోలీసువారిని 10111 అను సంఖ్యతో పిలువవచ్చును.

ఇచ్చటి సోదరీమణులకును కొన్ని మాటలు. తాళపుచెవి నిచ్చునపుడు చీటి పుచ్చుకొనుడు. దానిపై బండి సంఖ్య ఉన్నదో లేదో చూచుకొనుడు. శకుంతల ఉంగరము జాఱవిడుచుకొని ఎన్ని పాట్లు పడినదో యెఱుగుదుము గదా. చీటిని ఫోనుతో ఫొటో తీసికొన్న ఆ బాధ యుండదు. మాలుల నేలమాళిగలో అంతస్తును, స్తంభముపై సంఖ్యను గుఱుతుంచుకొనుడు. చల్లదనమునకై ఇంజను నడుపుచు అచ్చట కూర్చుండరాదు. కనబడని విషవాయువు క్రమ్ముకొనును. బిడ్డను కారులో నుంచి రెండు నిముషములే గదా యని పోరాదు. ఎండకు ఆ లోపలి వేడి క్షణక్షణము హెచ్చును. మాలులలో మొదటి అరగంటకు రుసుము పుచ్చుకొనరాదనియు, గంటలోపు కొన్న బిల్లు చూపినను పుచ్చుకొనరాదనియు తెలంగాణ ప్రభుత్వము 2018లో ఉత్తరువు చేసియున్నది. బిల్లును పాఱవేయకుడు.

“మీ వస్తువులకు మీరే బాధ్యులు” అని చీటివెనుక అచ్చువేసియుండుట చూచి అధైర్యపడవలదు. 1998లో ఢిల్లీలో ఒక పెద్ద హోటలు సేవకునికి తాళపుచెవి ఇచ్చిన కారు పోయినది. ఆ వ్యాజ్యెము సుప్రీముకోర్టు వఱకు పోగా, 2019 నవంబరులో న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి: బండిని తమ స్వాధీనమునకు తీసికొన్నవారు అజాగ్రత్త చూపినపుడు, అచ్చువేసిన ఆ వాక్యము చాటున తప్పించుకొన వీలులేదు. 1872 నాటి ఒడంబడికల చట్టమే అప్పగించిన సొత్తును తన సొత్తువలె జాగ్రత్తగా చూడవలెనని చెప్పుచున్నది. కాని చీటి చేతలేనిచో అప్పగించితిమని ఋజువేది? నా ఎనిమిదివందలకు నాకు ఋజువు లేకపోయెను. ఆపదవేళ 112ను, కొనుగోలుదారుల ఫిర్యాదులకు 1915ను పిలువవచ్చును. ఆకతాయిల బాధకు 2014లో ఏర్పడిన షీ టీములు కలవు.

కడపట ఒక మనవి. బండ్లను కాచువాడు మన వాహనముల పొగ పీల్చుచు ఎండలో నిలిచియుండును. అతనిని చీటి అడుగుడు. అడిగిన నోటితోనే కుశలమును అడుగుడు. చిల్లర యిచ్చునపుడు ముఖము చూచి యిండు.

మా చెల్లెలు ఆదివారమునాడు ఆ కాంగో మనిషికి లడ్డూలు చేసికొనిపోవుదునని వ్రాసినది. మంచిది. పేరు కూడ అడిగి తెలిసికొమ్మని వ్రాసితిని. నేనా ముదుసలి పేరు అడుగలేదు. ఈ యేడు గాజులకు పోయినప్పుడు పత్తర్‌గట్టి యొద్ద వెదకితిని, అతడు కనబడలేదు. క్రొత్తవాడు నిలిచియున్నాడు. చీటి అడిగితిని, నా వచ్చీరాని ఉరుదూలోనే. అతడు నవ్వలేదు, చింపి యిచ్చినాడు.