తండ్రి బ్రతికియుండగనే చచ్చు పత్రము

తండ్రికి ముదిమి పైబడగనే కొడుకు పేర పవరాఫ్ అటార్నీ వ్రాయించి, రిజిస్టరు చేయించి, ఇంక చింత లేదని ఇనుపపెట్టెలో దాచుకొను కుటుంబములు ఏర్పేడు ప్రాంతమున పెక్కు గలవు. ఆ నమ్మకము నిరాధారము. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 201వ సెక్షను ప్రకారము అధికార మిచ్చినవాడు మరణించినను, మతి చలించినను ఆ అధికారము అంతరించును. ఏజెంటునకు ఆ ఆస్తియందే స్వంత హక్కున్నచో మాట వేరు. కాలుసేతులు పడిపోయినను బుద్ధి నిలిచియున్నంతవరకు పత్రమునకు ప్రాణమున్నది. బుద్ధి పోయిననాడే పత్రమును పోవును. రిజిస్ట్రారు ముద్ర దానిని బ్రతికింపజాలదు. స్వర్ణముఖి పొంగిన దినముననే మునుగు తెప్ప యెందులకు?

ఈ శాసనమును మన నెత్తిన పెట్టినవాడు ఆంగ్లేయుడు. అతడు తన దేశమున ఈ లోపమును గుర్తించి 1985లో, మరల 2005లో చట్టములు చేసి, మతి పోయిన పిదపను చెల్లు అధికారపత్రమును కల్పించుకొనెను. మనమో, స్వరాజ్యము వచ్చి డెబ్బదియైదేండ్లు దాటినను, అతడు విడిచిన పాతకోటునే తొడుగుకొని తిరుగుచున్నాము.

అంతేకాదు, ఉన్నదానినిగూడ పోగొట్టుకొంటిమి. 1987వ సంవత్సరపు మానసిక ఆరోగ్య చట్టము క్రింద మతి తప్పినవాని ఆస్తికి జిల్లాకోర్టు మేనేజరును నియమింపగలిగెడిది. 2017వ సంవత్సరపు చట్టము దానిని రద్దుచేసి, చికిత్సకు ప్రతినిధిని చూపెనేగాని ఆస్తిని గూర్చి మౌనము వహించెను. 1999వ సంవత్సరపు నేషనల్ ట్రస్టు చట్టము కొన్ని వైకల్యములకే పరిమితము. ముదిమి మతిమరపునకు అందు చోటు లేదు. స్మారకము లేనివారికి సంరక్షకుల నేర్పరచుటకు 2019లో కేరళ హైకోర్టే నియమములు వ్రాయవలసివచ్చెను. తండ్రి సొమ్మును తండ్రి వైద్యమునకే తీయుటకు ఏర్పేటి రైతు అమరావతిలోని హైకోర్టు గడప త్రొక్కవలెనా?

దీని ఫలమేమి? తండ్రికి మతి లేదని నిజము చెప్పిన కొడుకు బ్యాంకు వాకిట నిలిచిపోవును. ఆ సంగతి దాచినవాడు అదే పత్రము చూపి భూమి నమ్మివేయును. ఐ.ఐ.టి. వెలసిన పిమ్మట ఏర్పేటి భూములపై క్రయదారుల కన్ను పడియున్నది. ఇట్టిచోట నిజాయితీని దండించి కపటమునకు దారి యిచ్చు చట్టమును చట్టమందుమా?

మతి పోయిన పిదపను చెల్లు పత్రమునకు అనుమతించిన మోసములు ప్రబలునని కొందరందురు. మోసము నేడు లేదా? నేడది చీకటిలో సాగుచున్నది. మేము కోరునది వెలుతురు. బుద్ధి స్థిరముగా నున్నప్పుడే, వైద్యుని ధ్రువపత్రముతో, తక్కిన వారసులకు నోటీసిచ్చి ఆ పత్రము వ్రాయవలెను. ఏటేట జిల్లాకోర్టునకు లెక్క లొప్పగింపవలెను. లెక్క చెప్పనివాని అధికారము రద్దు కావలెను.

కాంట్రాక్టులు ఉమ్మడి జాబితాలోనివి. కావున పార్లమెంటు నిద్రించినను రాష్ట్ర శాసనసభ మేల్కొనవచ్చును. అంతవరకు మతి తప్పినవాని పత్రముపై ఎవ్వరును భూమి అమ్మరాదు, కొనరాదు. మన శాసనసభ్యులు ఓటు కొరకు వచ్చినప్పుడు ప్రతి పఠనమందిరమునను వారి నీ ప్రశ్న యడుగుడు: మా తండ్రులు తెలివితో నున్నప్పుడు చెప్పిన మాటను, వారికి తెలివి తప్పిననాడు మీ చట్టమేల మన్నింపదు?