సగం ఇవ్వనన్న పాట

పోర్టర్ వాగనర్‌కు ఎంత చెప్పినా ఎక్కలేదు. అందుకని గాయని డాలీ పార్టన్ ఇంటికి వెళ్లి పాట రాసింది. మర్నాడు పొద్దున్నే ఆయన ఆఫీసుకు వచ్చి, ఆయన్ని కూర్చోబెట్టి, గిటారు మీటుతూ పాడి వినిపించింది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఈ పాట రికార్డు చేసే పని నాకిస్తే నువ్వు వెళ్లొచ్చు అన్నాడట.

ఇది 1973 నాటి మాట. వాగనర్ అప్పటికే అమెరికా కంట్రీ సంగీతంలో పేరు మోసిన గాయకుడు, సొంత టెలివిజన్ కార్యక్రమం ఉన్నవాడు. డాలీది టెనెసీ కొండల్లోని బీద కుటుంబం, పన్నెండు మంది పిల్లల సంసారం. ఆమె పుట్టినప్పుడు తల్లికి పురుడు పోసిన డాక్టరుకు తండ్రి ఇచ్చుకోగలిగింది ఒక సంచి మొక్కజొన్న పిండి. హైస్కూలు చదువు ముగిసిన మర్నాడే ఆ పిల్ల కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ చేరింది. 1967లో, ఇరవై ఒక్కేళ్ల వయసులో, వాగనర్ కార్యక్రమంలో అడుగుపెట్టింది. ఐదేళ్లు ఉండాలనుకున్నది ఏడేళ్లు ఉండిపోయింది. తన దారి తాను చూసుకుంటానంటే ఆయన సాగనివ్వలేదు.

‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ అలా పుట్టింది. ప్రేమికుల ఎడబాటు పాటగా లోకం దాన్ని పాడుకుంటోంది. కానీ అది తనను పైకి తెచ్చిన మనిషి దగ్గర సెలవు తీసుకుంటూ ఒక ఉద్యోగిని కట్టిన పాట. అందులో నిష్ఠూరం లేదు, బతిమాలడం లేదు. కృతజ్ఞత ఉంది, వెళ్లి తీరాలన్న నిశ్చయమూ ఉంది. ఈ రెండూ ఒకే గొంతులో ఇమడటమే ఆ పాట గొప్పతనమని మా అభిప్రాయం.

1974 జూన్‌లో అది కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఎల్విస్ ప్రెస్లీ దాన్ని పాడాలనుకున్నాడు. డాలీ సంతోషానికి అంతు లేదు, కనబడినవాళ్లందరికీ చెప్పుకుంది. తీరా రికార్డింగు ముందర, ఎల్విస్ వ్యవహారాలు చూసే కర్నల్ టామ్ పార్కర్ ఒక షరతు పెట్టాడు. పాట ప్రచురణ హక్కుల్లో సగం తమకు రాసివ్వాలి, లేకపోతే ఎల్విస్ పాడడు. ఎవరు పాడినా, ఎక్కడ మోగినా పాటకు రావలసిన డబ్బు ఆ హక్కు వెంటే నడుస్తుంది. ఇవి నా కుటుంబానికి నేను మిగిల్చి వెళ్లేవి, ఇవ్వలేను అంది డాలీ. ఆ రాత్రంతా ఏడ్చింది. ఎల్విస్‌ను కాదనడమేమిటని మందలించినవాళ్లూ ఉన్నారు.

ఆమె తండ్రికి చదవడం, రాయడం రాదు. ఆ తండ్రిని తలుచుకునే 1995లో ఆమె పసిపిల్లలకు ఐదేళ్లు నిండేదాకా నెలనెలా పుస్తకం ఉచితంగా పంపే పథకం మొదలుపెట్టింది. అలాంటి ఇంటినుంచి వచ్చిన యువతి, కాగితం మీద ఏం రాసివ్వాలో, ఏం రాసివ్వకూడదో అంత పెద్ద పేరు ముందు నిలబడి తేల్చుకుంది. మాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే.

ఆ పాట మొదటి స్థానానికి చేరాక పద్దెనిమిదేళ్లు గడిచాయి. 1992లో ‘ది బాడీగార్డ్’ సినిమాకు అనుకున్న పాట మరో సినిమాలో వచ్చేయడంతో, నటుడు కెవిన్ కాస్ట్‌నర్ ఈ పాటను సూచించాడు. విట్నీ హ్యూస్టన్ వాద్యాలేమీ లేకుండా, ఒట్టి గొంతుతో ఎత్తుకుంది. అది అమెరికా పట్టికలో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. కారు నడుపుతూ రేడియోలో హఠాత్తుగా విన్న డాలీకి గుండె ఆగినంత పనై, కారు పక్కకు ఆపేసిందట. ఆ రాబడితో నాష్‌విల్‌లో నల్లజాతివారు నివసించే పేటలో ఒక ఆఫీసు సముదాయం కొన్నానని, అది విట్నీ కట్టించిన ఇల్లని ఆమె తర్వాత చెప్పుకుంది.

వాగనర్‌తో బంధం మాత్రం సాఫీగా సాగలేదు. 1979లో ఆయన ఆమె మీద ముప్పై లక్షల డాలర్లకు దావా వేశాడు, కోర్టు బయట రాజీ కుదిరింది. అయినా 2007 మేలో, గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే పేరున్న కంట్రీ సంగీత వేదిక మీద, ఆయన అందులో సభ్యుడై యాభై ఏళ్లు నిండిన పండగనాడు, డాలీ వచ్చి ఆయన ఎదుటే ఈ పాట పాడింది. ఆ అక్టోబరులోనే ఆయన చనిపోయాడు.

ఇదంతా ఇక్కడ ఎందుకంటే, మన రచయితలకు మొహమాటం జాస్తి. పాట అడిగినవారు ఆత్మీయులైతే హక్కుల మాట ఎత్తడమే తప్పనుకుంటాం. డాలీ ఆత్మీయతను, హక్కును కలగలపలేదు. అభిమానం కొద్దీ వాగనర్ కోసం పాట కట్టింది, ఎల్విస్ మీద ఎంత అభిమానమున్నా పాటలో సగం రాసివ్వలేదు. మన సినిమాపాటల రచయితలు ఏళ్ల తరబడి ఒక్కసారి డబ్బు తీసుకుని సర్వహక్కులూ వదులుకున్నారు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, సినిమాహాలుకు వెలుపల పాట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో తన వాటాను రచయిత వదులుకుంటానన్నా చెల్లదు. వారసులకో కాపీరైట్ సంఘానికో తప్ప దాన్ని రాసివ్వడానికి లేదు. కథలకు, నవలలకు ఇలాంటి రక్షణ లేదు. అక్కడ సంతకమే సర్వం.

కాబట్టి కొత్తగా రాస్తున్న మిత్రులకు ఒక విన్నపం. ఒప్పంద పత్రం ఇంటికి తెచ్చుకోండి, తెలిసినవారికి చూపించండి, ఆ తర్వాతే సంతకం చేయండి. మా పత్రికకు రచన పంపేటప్పుడు కూడా, హక్కులు ఎవరివని ముందుగా మమ్మల్నే అడగండి. జవాబు రాతపూర్వకంగా ఇస్తాం.