మన ఊళ్ళ పేర్లు గుడ్డల కెక్కిన సంగతి

నేతవారింట పుట్టిన పిల్లవానికి కండె చుట్టడం తెలుసును, పడుగు పేకల తేడా తెలుసును. కాని తన పనిని గురించి లోకంలో ఎన్ని వింతలున్నవో తెలియదు. అవి బడిలో చెప్పరు. పొట్లం కట్టిన కాగితంలోనో, రైలులో ప్రక్కవాని నోటనో అనుకోకుండా దొరకవలసినదే.

ధారావిలోను, కామాటిపురాలోను కాపురమున్న మనవారు డోంగ్రీ బజారుకు ఎన్నిసార్లు పోయివుండరు! కార్ఖానా పనివారు తొడిగే ముతక దుస్తులను ఇంగ్లీషువారు డంగరీలంటారు. ఆ మాట ఈ డోంగ్రీ పేరునుండే పుట్టినదని నిఘంటువులు చెబుతున్నవి. ఇక్కడి ముతక నూలుగుడ్డ ఓడ నెక్కి, పేట పేరును కూడా సీమకు మోసికొనిపోయినది.

ఇంతకంటె మనకు దగ్గరి సంగతి మరొకటి కలదు. నరసాపురం ప్రక్కన, గోదావరి ఒడ్డున మాధవాయపాలెమను ఊరున్నది. 17వ శతాబ్దిలో ఇంగ్లీషు కంపెనీవారు అక్కడ కొఠీ పెట్టి, మన సాలెల నేతగుడ్డ కొని ఎగుమతి చేసిరి. ఆ పేరు వారి నోట తిరుగక మడపొల్లం అయినది. ఫ్రెంచివారి భాషలో నేటికిని ఒక రకపు మెత్తని నూలుగుడ్డకు మడపొలాం అనియే పేరు. నేసినది ఎవరి మరలపైనైనా పేరు మాత్రం మన పాలెముది! అందుకుగాను ఆ ఊరికి దమ్మిడీ చెల్లించిన వారెవరు?

ఇవన్నీ ప్రొద్దుపోని ముచ్చట్లని కొందరు పెద్దలు తోసివేస్తారు. మేము ఒప్పుకొనము. పేరు కూడా ఆస్తియే. 2005లో పోచంపల్లి ఇక్కత్తుకు భౌగోళిక గుర్తింపు నమోదైనది. అచ్చువేసిన గుడ్డను ఆ పేరుతో అమ్మేవానిని నిలదీయడానికి ఇప్పుడు చట్టమున్నది. మాధవాయపాలెం సాలెలకు అట్టి ఆధారం లేకపోయినది.

జకార్డు అట్టల కథ మరీ చిత్రమైనది. ఫ్రాన్సులో లియాన్ నగరపు జకార్డు 1804 నాటికి కన్నాలు పొడిచిన అట్టలతో పూవులు నేసే సాధనం సిద్ధం చేసెను. 1839లో అతని బొమ్మనే పట్టుపై నేసిరి; దానికి ఇంచుమించు 24,000 అట్టలు పట్టినవట. లెక్కల యంత్రం తలపెట్టిన బాబేజి ఈ అట్టలనే అందులో వాడదలచెను. 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలెరిత్ యంత్రాలు కన్నాల కార్డులతోనే తేల్చినవి. కంప్యూటరు నేర్చి వచ్చిన కుర్రవాడు తండ్రి మగ్గాన్ని పాతకాలపు చెక్క అనుకొంటే, ఈ ముక్క వాని చెవిని వేయండి.

ఇక కామాటిపురా మాట. నిజాం ఇలాకానుండి వచ్చి, ఈ నగరపు కట్టడాలకు రాయి, మట్టి మోసిన తెలుగు కామాటీలవల్ల ఆ పేటకు ఆ పేరు వచ్చినది. ఇప్పుడా పేరు చెబితే ఎదుటివాడు ముసిముసిగా నవ్వుతాడని మన పిల్లలు చిరునామా మార్చి చెబుతున్నారు. నవ్వేవానికి చరిత్ర తెలియదు సరే, మనవానికి కూడా తెలియకపోతే ఏమని బదులు చెప్పగలడు? పాత చాళ్ళు కూల్చి మేడలు కట్టే పథకాలు కామాటిపురాకును, ధారావికిని వచ్చినవి. గోడలతోపాటు పేరును కూడా మార్చుదామనేవారు బయలుదేరవచ్చును. అందుకు మనము సమ్మతింపరాదు.

ఇండ్లు ఖాళీ చేయకముందే ముసలివారి నడిగి, తాతలు ఏ ఊరినుండి వచ్చిరో, ఏ మిల్లులో ఏ ఖాతాలో పనిచేసిరో, ఏ గుడ్డకు ఏ పేరుండెనో వ్రాసి సంఘానికి పంపండి. తెలుగు వ్రాయడం రాని పిల్లలు మరాఠీలో వ్రాసినా సరే, మేము తిరగవ్రాయించి వేస్తాము.