ఊరు పేరు చెప్పే స్విచ్‌లు

బెంగళూరు టెక్ పార్కుల్లో రిసెప్షన్, మీటింగ్ రూమ్ గోడలకు నెట్‌వర్క్ సాకెట్లుంటాయి. వాటి అవతల సిస్కో స్విచ్ ఉండి, సెట్టింగులు ఎవరూ ముట్టుకోకపోతే, అది 60 సెకన్లకోసారి పక్క పరికరాలకు తనను పరిచయం చేసుకునే సిస్కో ప్రొటోకాల్ సీడీపీ ద్వారా తన పేరు, మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ చెప్పేస్తుంటుంది. తరచూ మేనేజ్‌మెంట్ ఐపీ కూడా. పాస్‌వర్డ్ అడగదు. వైర్‌షార్క్ ఉన్న లాప్‌టాప్ తగిలించి ఒక్క నిమిషం ఆగితే చాలు. వినడంతోనే ముప్పు ఆగదు: 2020 ఫిబ్రవరిలో ఆర్మిస్ సంస్థ బయటపెట్టిన సీడీపీవాన్ లోపాలు ఐదూ సిస్కో పరికరాలు ఈ ప్యాకెట్లను చదివే తీరులోనివే.

అలాగని సీడీపీని, అదే పని చేసే అన్ని కంపెనీల ఉమ్మడి ప్రొటోకాల్ ఎల్‌ఎల్‌డీపీని మొత్తంగా ఆపేయమంటే నేనొప్పుకోను. సీడీపీ విషయంలో సిస్కో స్విచ్‌లకు భద్రతా సెట్టింగుల జాబితా సీఐఎస్ బెంచ్‌మార్క్ చెప్పేది అదే. ఆడిటర్లకూ టిక్కు పెట్టడం తేలిక. కానీ అర్ధరాత్రి లింకు పడిపోతే ఏ కేబుల్ ఎక్కడికెళ్లిందో చెప్పేది ‘షో ఎల్‌ఎల్‌డీపీ నైబర్స్’ కమాండే. కేబుళ్ల వివరాలు రాసుకున్న ఎక్సెల్ షీటు ఎప్పుడో పాతబడి ఉంటుంది. చాలాచోట్ల ఐపీ ఫోన్లకు వాయిస్ వీలాన్ అందేదీ ఈ ప్రొటోకాల్‌లతోనే. కాబట్టి నిర్ణయం పోర్టును బట్టి ఉండాలి. స్విచ్‌ల మధ్య లింకుల్లో ఉంచాలి. ఇంటర్నెట్ ప్రొవైడర్ వైపు, సందర్శకుల సాకెట్లలో, ఫోన్ లేని డెస్కుల్లో ‘నో సీడీపీ ఎనేబుల్’, ‘నో ఎల్‌ఎల్‌డీపీ ట్రాన్స్‌మిట్’, ‘నో ఎల్‌ఎల్‌డీపీ రిసీవ్’ ఇవ్వాలి. ఫోన్ పోర్టుల్లో కొంత ముప్పు మిగులుతుంది, నిజమే, అక్కడ పరికరాన్ని గుర్తించాకే లోపలికి వదిలే 802.1ఎక్స్ పెట్టాలి, ఫర్మ్‌వేర్ తాజాగా ఉంచాలి. వేల పోర్టులకు ఇదంతా ఎవరు చేస్తారంటారా? ‘ఇంటర్‌ఫేస్ రేంజ్’తో స్విచ్‌కు నాలుగైదు లైన్ల పని. అసలు కష్టం ఏ పోర్టులో ఏముందో తెలుసుకోవడం. ఆ జాబితా కోసమైనా ఆపేముందు ఒకసారి నైబర్స్ పట్టిక తీసి దాచుకోవాలి.